ద్రాక్షతోటకు నీళ్ళు కోరుతూ

బోజొలే కొండలు, ఫ్రాన్స్
6 మార్చి 2022

మావయ్యకీ అత్తయ్యకీ సునీత దండాలు.

ఫోను చేస్తే నేను అరవడం, నువ్వు "ఏటీ? ఏటీ?" అనడం, చివరికి ఇద్దరమూ విసుక్కుని పెట్టెయ్యడం. మన మాటలన్నీ ఇలాగే తెల్లారుతున్నాయి. ఖిదిర్‌పూర్ ఓడల డాకులో సరుకులెత్తే వించీల మోతకి నీ చెవులు పోయాయి గాని కళ్ళు బాగానే ఉన్నాయి కదా. అందుకే కాగితం తీశాను. తెలుగు బడిలో అయిదో తరగతి దాకా నేర్చుకున్న తెలుగు ఇది. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది తిరిగి పంపకు, నాకు ఒళ్ళు మండుతుంది.

విషయం ఏమిటంటే, నాకు ఒక కొండ దొరికేలా ఉంది.

నేను నాలుగేళ్ళుగా పనిచేస్తున్న తోట యజమానురాలు ఒదీల్ గురించి నీకు తెలుసు. డెబ్బై దాటింది, మోకాళ్ళు అరిగాయి, నోరు మాత్రం అరగలేదు. కొండవాలు మీద ఆవిడకో నేల చెక్క ఉంది. ఆవిడ తాత నాటిన ముసలి తీగలు. ఇప్పుడు ఎక్కలేకపోతోంది. దాన్ని నాకు పాలుకి ఇస్తానంటోంది. పంటలో సగం ఆవిడది, సగం నాది. ఈ కొండల్లో ఇది పాత పద్ధతే. కాని ఊరికే ఇవ్వదు. ఈ ఒక్క ఏడాదీ నా చేతికి వదిలి చూస్తుందట. నవంబరులో సెయింట్ మార్టిన్ పండగ నాటికి ఇక్కడ కౌళ్ళు మారతాయి. అప్పటికి ఆవిడ మనసు కుదిరితే సంతకం పెడుతుంది. కుదరకపోతే చెక్క ఆవిడ మేనల్లుడు పాస్కాల్‌కి పోతుంది. అతను ముసలి తీగలు పీకించి, యంత్రం తిరిగేలా వరసలు మార్చి, కలుపుమందు కొట్టిస్తాడు. నేను మళ్ళీ లియోన్ వెళ్ళి హోటలు వంటగదిలో ఉల్లిపాయలు తరుక్కోవాలి. మావయ్యా, నాకు వెళ్ళాలని లేదు. ఈ కొండ నాకు కావాలి.

నేల ఎలా ఉంటుందో చెబుతాను. గులాబీ రంగు గ్రానైటు రాయి వేల ఏళ్ళుగా చివికి గరుసులా పొడి అయింది. పిడికిట్లో పడితే వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. వాన నిలవదు. ఈ గామే అనే ద్రాక్షని కింద బంకమట్టిలో వేస్తే కాయ లావుగా ఊరుతుంది గాని వైన్ మొద్దుగా, నీరసంగా ఉంటుంది. అదే తీగ ఈ రాళ్ళలో పెడితే కాయ చిన్నది, తొక్కలో వాసన ఉంటుంది. తాగితే తేలిగ్గా ఉంటుంది, నాటుగులాబీ వాసన వస్తుంది, చివర్న నాలిక మీద రాయి తగిలినట్టు చిన్న జిల. అది ఈ నేల ఇచ్చేదే, మరే ఊళ్ళోనూ రాదు అంటుంది ఒదీల్.

అవును, ఇది వైన్. అత్తయ్యకి నువ్వే నెమ్మదిగా చెప్పు.

మట్టి చేతులతోనే రాస్తున్న
నీ మేనకోడలు సునీత


ఖిదిర్‌పూర్, కోల్‌కతా
2 ఏప్రిల్ 2022, ఉగాది

సునీతమ్మకు ముందు దీవెనలు, తరువాత తిట్లు.

పండగ పూట నీ ఉత్తరం చదువుకున్నాను. నీ తెలుగులో నాలుగే తప్పులున్నాయి, దిద్దలేదు. ఉత్తరం పట్టుకుని మన డాకు క్వార్టర్స్ అంతా తిరిగాను. డాకులో నాతో పనిచేసిన మన బైరాగికి చదివి వినిపిస్తే "మన సునీత గుంట కొండ కొనీసిందేటి?" అన్నాడు. కొనలేదురా, పాలుకి తీసుకుంటోంది అన్నాను. వాడి మొహం వాడిపోయింది. నిజం చెబితే నాదీ అంతే.

మీ తాత, అంటే మా నాన్న, టెక్కలి పక్కన పాలుకి చేసినవాడని నీకు తెలుసు. పల్లపు మళ్ళన్నీ కామందు తన కింద ఉంచుకుని, మెట్ట మీది రాళ్ళ చెక్క మా నాన్నకి ఇచ్చాడు. గింజల్లో సగం తీసుకున్నాడు, గడ్డిలో కూడా సగం తీసుకున్నాడు. అందుకే ఆయన రైలెక్కి ఈ రేవుకొచ్చి ఓడల్లోకి బస్తాలు మోశాడు. ఇన్నేళ్ళ తరువాత ఆయన మనవరాలికి మళ్ళీ రాళ్ళ చెక్కే, మళ్ళీ సగపాలే అంటే నాకు ఎలా ఉంటుందో చెప్పు. ఆ ఒదీల్ మంచిదే కావచ్చు. మా కామందు కూడా మా నాన్నని "అబ్బాయ్" అని ఎంతో ఆప్యాయంగానే పిలిచేవాడు.

నీళ్ళ సంగతి రాయలేదు నువ్వు. బోరు ఉందా? కాలవ ఉందా? కొండ మీదికి మోటారు ఎక్కుతుందా? మేడ మీద డబ్బాల్లో నేను పెంచే ఆనపపాదుకే పూటకో బకెట్టు పోస్తున్నాను. రాళ్ళలో తీగకి ఎన్ని కావాలో ఆలోచించు.

మీ అత్తయ్యకి విషయం నెమ్మదిగానే చెప్పాను. ద్రాక్షరసం తీస్తారని చెప్పాను. క్వార్టర్స్‌లోనూ అలాగే చెప్పాను. రోగులు తాగుతారని మాత్రం నేను అనలేదు, వాళ్ళే అనుకున్నారు. మీ అత్తయ్య వేపపువ్వు దులుపుకుంటూ కూర్చుంది.

నీళ్ళ గురించి రాయి.
గోవిందరాజు మావయ్య


బోజొలే కొండలు
12 జూన్ 2022

మావయ్యా,

నీ ఉగాది ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది, తిట్టకు. ఏప్రిల్లో మంచు పడుతుందేమోనని భయం, మే అంతా చిగుళ్ళు తుంచడం, ఇప్పుడు పూత. నడుం పట్టేసి కూర్చుని రాయలేకపోయాను.

నీళ్ళ గురించి అడిగావు. నీళ్ళు లేవు. బోరు లేదు, కాలవ లేదు, మోటారు అసలే లేదు. పెట్టకూడదు. ఇక్కడి వైన్ కట్టుబాటే అది, కాయ కాసే కాలంలో తీగకి నీళ్ళు పెడితే ఆ సీసా మీద ఊరి పేరు వేసుకోనివ్వరు. ఒదీల్ అయితే "దాహం వెయ్యనీ, అప్పుడే బుద్ధి వస్తుంది" అంటుంది. ఈ ఏడు ఎండ మరీ దారుణంగా ఉంది. వాన మొహం చూసి చాలా కాలమైంది. అయినా సరే అంటుంది.

వరసల మధ్య గడ్డి కూడా మేమే వేశాం. యవలు, చిక్కుడు జాతి మొక్కలు చల్లి, మోకాలెత్తు పెరిగాక పీకకుండా అలాగే నేల మీద పడుకోబెట్టాం. చలికాలంలో పక్క ఊరి గొర్రెలు వచ్చి మేసి పోతాయి. మందులేమీ కొట్టం. బూజు వస్తే పిసరంత మైలుతుత్తం, సున్నం, దురదాకుల కషాయం, అంతే.

వచ్చే నెల ఇంకో పని ఉంది, నాకు తలుచుకుంటేనే బాధగా ఉంది. కాసిన గుత్తుల్లో చాలా వాటిని పచ్చిగా ఉండగానే కోసి నేల మీద పారెయ్యాలి. ముసలి తీగ అన్నిటినీ మొయ్యలేదంటుంది ఒదీల్. కత్తెర నా చేతికిచ్చి, తను కింద కుర్చీ వేసుకుని చూస్తుందట. నేను సరిగ్గా చేస్తున్నానా లేదా అన్నదే ఆవిడ పరీక్ష.

నువ్వు సగపాలు గురించి అంత బెంగ పెట్టుకోకు. ఇక్కడ అందరూ అలాగే చేస్తారు. తినడానికి బాగానే ఉంది, నిద్ర బాగా పడుతోంది, కాళ్ళు మాత్రం మేక కాళ్ళయ్యాయి. నేను సంతోషంగా ఉన్నానని రాస్తే నమ్ముతావా?

సునీత


ఖిదిర్‌పూర్
3 జూలై 2022

సునీతమ్మకు,

నమ్మను.

నీ ఉత్తరం మొదట ఒంటరిగా చదువుకున్నాను. తరువాత బైరాగికి చదివాను. తరువాత యూనియన్ ఆఫీసుకు తీసుకెళ్ళి, మనందరికీ అన్నలాంటి యూనియన్ పెద్ద మృత్యుంజయ దాకి బెంగాలీలో చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఏమైనా పెద్ద నిర్ణయం తీసుకునే ముందు ఆయన చేసే పని అది.

మాకు అర్థమైంది ఇదీ. నీకు ఇచ్చింది ఎవరూ ఎక్కని రాళ్ళ వాలు. నీళ్ళివ్వదు. కలుపు తియ్యనివ్వదు, పైగా కలుపు విత్తిస్తుంది. కాసిన పంటని నీ చేత్తోనే కోయించి నేలపాలు చేయిస్తుంది, తను మాత్రం కుర్చీలో కూర్చుంటుంది. నవంబరు వచ్చేసరికి పంట తక్కువైంది, నీకు పని రాదు అని పంపించేస్తుంది. ఉన్నదాంట్లో సగం పట్టుకుంటుంది. ఆ పాస్కాల్‌కి చెక్క ఎలాగూ సిద్ధంగా ఉంది. నువ్వు సంతోషంగా ఉన్నానంటున్నావు. మా నాన్న కూడా చివరి ఏడు దాకా అదే అన్నాడు.

నీకు చదువుంది గాని కామందుల సంగతి తెలియదు. అది మాకు తెలుసు. డాకులో ఎన్ని లాకౌట్లు చూశాం, ఎన్ని డెప్యుటేషన్లు ఇచ్చాం. పైకి ఎదురుచెప్పని మనిషి తరపున వెనక నలుగురు నిలబడాలి, యూనియన్ అంటే అంతే కదా. నువ్వు నీ పని చేసుకో. ఇక్కడ మేం చేసేది మేం చేస్తాం. అంతకన్నా నీకు ఇప్పుడు తెలియనక్కర్లేదు.

మొన్న రథయాత్రకి మీ అత్తయ్య బొబ్బట్లు చేసింది. నీ వాటా బైరాగి తిన్నాడు.

నీ వెనక ఉన్న
మావయ్య


బోజొలే కొండలు
28 ఆగస్టు 2022

మావయ్యా,

ఏం చేశావు మావయ్యా? ఎవరడిగారు నిన్ను?

నిన్న పోస్టు మనిషి ఇంత లావు కవరు తెచ్చి ఒదీల్ చేతికిచ్చాడు. లోపల మన తెలుగు బడి రమాకుమారి టీచరు గారి ఇంగ్లీషు. దాన్ని ఆవిడ నా ఎదురుగానే ఫోనులో ఫ్రెంచిలోకి మార్చుకుని, వంటగది బల్ల దగ్గర అందరికీ వినిపించేలా చదివింది. కోత కూలీలున్నారు, పాస్కాల్ కూడా ఉన్నాడు. నాకు ఇప్పటికీ చెవుల్లో మోగుతోంది. "ఖిదిర్‌పూర్ తెలుగు కార్మిక కుటుంబాలు సవినయంగా సమర్పించుకునే వినతిపత్రం. విషయం: ద్రాక్షతోటకు నీళ్ళు కోరుతూ." తరువాత డిమాండ్లు! ఒకటి, తోటకు తక్షణం నీటి వసతి కల్పించాలి. రెండు, కలుపు యజమాని ఖర్చుతో తీయించాలి. మూడు, రోగులకూ పసిపిల్లలకూ అందవలసిన పళ్ళను నేలపాలు చేసే అమానుష పద్ధతిని ఆపాలి. నాలుగు, సగపాలు రద్దు చేసి తేభాగా అమలు చేయాలి, అంటే దున్నేవాళ్ళకి రెండు వంతులు, భూమి గలవాళ్ళకి ఒక వంతు. లేని పక్షంలో ఆందోళన తప్పదు!

ఆందోళన ఎక్కడ చేస్తావు మావయ్యా? హౌరా బ్రిడ్జి మీదా?

కింద కాలనీ మొత్తం సంతకాలు. వరసగా వేలిముద్రలు. యూనియన్ ముద్ర కూడా కొట్టారు. పాస్కాల్ కడుపు పట్టుకుని నవ్వాడు. "కలకత్తా నుంచి నీకు సమ్మె నోటీసు వచ్చింది అత్తా" అన్నాడు. ఒదీల్ నవ్వలేదు. ఆ కాగితాలు మడిచి ఆప్రాన్ జేబులో పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది. నాతో ఇంతవరకూ మాట్లాడలేదు.

నేను నీకు సరిగ్గా చెప్పలేదేమో, అది నా తప్పే కావచ్చు. ఇప్పుడు విను. వసంతంలో ఒదీల్ నాకు ఒక గొయ్యి తవ్వి చూపించింది. పైన గడ్డి వేళ్ళు అల్లుకుని మన్ను వానకి కొట్టుకుపోకుండా పట్టుకున్నాయి. కింద తీగ వేరు బండ పగుళ్ళలోకి నా ఎత్తు కన్నా లోతుకి దిగింది. పైన నీళ్ళు పెడితే వేరు సోమరిదై పైపైనే ఉండిపోతుంది. పెట్టకపోతే లోపలికి పోయి వెతుక్కుంటుంది. పడుకోబెట్టిన గడ్డి నేలకి దుప్పటి కప్పినట్టు. ఈ ఎండకి కింద మైదానంలో పాస్కాల్ తోట ఆకులు పసుపు తిరిగి రాలిపోతున్నాయి. అక్కడ గడ్డిపోచ లేదు, నేల ఇటుకలా బిగిసింది. నా కొండ మీద ఆకు ఇంకా పచ్చగానే ఉంది. పచ్చిగుత్తులు కోసేశాం కాబట్టి మిగిలినవి పండాయి. చిన్నవి, నల్లనివి, నోట్లో వేసుకుంటే కళ్ళు మూసుకుపోతాయి.

వచ్చే వారం కోత. కొండ నాకు రాదని తెలిసి కూడా కొయ్యాలి. బాగా కోస్తాను. కోపంగా ఉంది, ఇంకేమీ రాయను.

సునీత


ఖిదిర్‌పూర్
18 సెప్టెంబరు 2022

సునీతమ్మకు,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం తినలేదు. మూడో పూట మీ అత్తయ్య "నువ్వు తినకపోతే ఆ తెల్లదొరసాని సంతకం పెట్టీస్తాదేటి?" అంది. తిన్నాను.

తప్పయింది. బుద్ధిపూర్వకంగా చేసింది కాదు, కాని బుద్ధి లేకుండా చేసింది. మీటింగులో అందరం ఎంత ఊపు మీద ఉన్నామంటే, డాకులో మూతపడిన భాగం మళ్ళీ తెరుచుకుంటోందా అనిపించింది. చాలా కాలానికి మాకూ ఒక డిమాండ్ దొరికింది. నీకోసం అనుకుంటూనే మా సరదా మేం తీర్చుకున్నామేమో. ఇది నాకు మీ అత్తయ్య చెప్పేదాకా తట్టలేదు.

నీ ఉత్తరం గట్టిగా చదివించుకుని ఆవిడ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "మా ఉద్దానంలో జీడితోటలకి ఎవులు నీరెట్టినారు? ఇసక నేల, ఎర్ర గరుసు. సెట్టు దానంతట అది బతికింది. మా అమ్మ ఆకు కూడా ఊడవనిచ్చేది కాదు, మొదట్లోనే ఉండాలనేది. నీళ్ళ కాడ పెరిగిన జీడిపిక్కకి రుసి ఉంటాదా? నన్నడిగితే సెప్పనా? మీటింగుకి నన్ను పిలిసినారా? మీసాలోళ్ళంతా కూకుని రాసీసినారు."

నిజమే. ఆడవాళ్ళని పిలవలేదు. రమాకుమారి గారిని ఇంగ్లీషు కోసం మాత్రమే పిలిచాం.

ఇంకో సంగతి. అది రసం కాదని మీ అత్తయ్యకి మొదటి నుంచీ తెలుసట. "రసం అయితే నవంబరు దాకా పులవకుండా ఉంటాదా? నాకు తెల్దా ఏటి? తరవాణి కుండ నానెన్నేళ్ళు పెట్టినాను?" అంది. తాగుడంటే మండిపడే మనిషి కదా, మరి ఎందుకు ఊరుకున్నావు అని అడిగాను. "గుంట మట్టి పని సేస్తంది. అది నాకు సాలు" అంది. ఏళ్ళ తరబడి కాపరం చేసినా ఈ మనిషి లోపల ఏముందో నాకు అందడం లేదు.

నిన్న విశ్వకర్మ పూజకి అందరం కలిశాం. గాలిపటాల గోలలో మృత్యుంజయ దా ఒక ఉపాయం చెప్పాడు. మొదటి వినతిపత్రాన్ని ఉపసంహరించుకుంటున్నామని రెండో వినతిపత్రం పంపుదామట. అందరూ చేతులెత్తారు. మీ అత్తయ్య గుమ్మంలోంచి "ఇంకో కాయితం రాసినారంటే ఆ కలం పొయ్యిలో ఎట్టీస్తాను. మొదటి మూడు డిమాండ్లూ కొట్టీండి, నాలుగోది మాత్రం ఉంచండి, అది నాయం" అంది. మీటింగు అక్కడితో ముగిసింది.

ఆ కొండ నీకు రాకపోతే అది నా వల్లే అని జీవితాంతం మోస్తాను. కోత ఎలా అయిందో రాయి. కోపంగానైనా రాయి.

మావయ్య


బోజొలే కొండలు
11 నవంబరు 2022

మావయ్యా,

కూర్చున్నావా? కూర్చో.

కోత మొదలు అక్టోబరు చివరి దాకా ఒదీల్ పని మాటలు తప్ప వేరే మాట మాట్లాడలేదు. గుత్తులు తొడిమలతో సహా తొట్టిలో నింపాం. బయటి నుంచి పులియబెట్టే పొడి ఏమీ వెయ్యలేదు. పండు తొక్క మీద, కొండ గాలిలో ఉన్నదే తన పని తను చేసుకుంది, అత్తయ్య తరవాణి కుండలో లాగే. ఒకరోజు తొట్టి మీద చెవి పెట్టి వినమంది. లోపల చిన్నగా గుసగుసలాడుతోంది. అప్పుడు కూడా నాకు ఏడుపే వచ్చింది, ఇది వచ్చే ఏడు నాది కాదు కదా అని.

నిన్న సాయంత్రం ఒదీల్ నన్నూ పాస్కాల్‌నీ వంటగదికి పిలిచింది. కౌలు కాగితం ఒకటి బల్ల మీద ఉంది. పక్కనే మీ వినతిపత్రం. మడతలు చిరిగిపోయేంతగా చదివినట్టుంది. పాస్కాల్ కేసి చూసి ఇలా అంది. "నువ్వు వచ్చిన ప్రతిసారీ ఎన్ని సీసాలు వస్తాయని అడిగావు. వీళ్ళు ఈ కొండని చూడలేదు, ఎప్పటికీ చూడరు. అయినా తీగలకి దాహం వేస్తోందేమోనని అడిగారు. తప్పుగానే అడిగారు. కాని అడిగారు."

తరువాత నా కేసి తిరిగింది. "నీ పని మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు. అనుమానం ఒక్కటే. ఒంటరి పిల్లవి, ఏదో ఒక చలికాలం సంచి సర్దుకుని పోతావు, తీగలు దిక్కులేనివి అవుతాయి అనుకున్నాను. ఇప్పుడు ఇంతమంది సంతకం పెట్టారు. వీళ్ళకి చెప్పకుండా నువ్వు ఎక్కడికి పోగలవు?" అంది.

మావయ్యా, నేను సిగ్గు లేకుండా ఏడ్చాను. పాస్కాల్ లేచి వెళ్ళిపోయాడు, తలుపు మాత్రం మెల్లగానే వేశాడు.

డిమాండ్లకి ఆవిడ జవాబు రాసి ఇచ్చింది, ఫ్రెంచిలో. తెలుగులోకి నేను మార్చాను. ఖిదిర్‌పూర్ కార్మిక కుటుంబాలకు: మీ మొదటి డిమాండ్ తిరస్కరిస్తున్నాను, నీళ్ళు ఇవ్వను. రెండోది తిరస్కరిస్తున్నాను, గడ్డి తీయించను. మూడోది తిరస్కరిస్తున్నాను. పళ్ళు రోగులకు చేరవు, క్షమించాలి. నాలుగోది ఆమోదిస్తున్నాను. చట్టం కూడా ఎప్పుడో ఆ మాటే చెప్పింది గాని మేం పాత అలవాటు వదల్లేదు. మా తాత ఈ వాలుని పెద్ద బంగళావాళ్ళ కింద సగపాలుకే చేసి, చేసి, ఒక్కో వరసే కొనుక్కున్నాడు. ఆయన ఉంటే ఈ మాట ముందుగా ఆయనే అడిగేవాడు. రెండు వంతులు సునీతకి, ఒక వంతు నాకు. కాబట్టి ఆందోళన విరమించవలసిందిగా కోరుతున్నాను. సంతకం, ఒదీల్.

ఇవాళ పొద్దున్న కొండ ఎక్కాను. ఆకులన్నీ ఎర్రబడ్డాయి. మామూలుగా రోజూ ఎక్కే వాలే, కాని కాలు పెట్టడానికి కొంచెం భయం వేసింది.

ఆగస్టులో నీ మీద అరిచినందుకు నన్ను క్షమించు. పూర్తిగా కాదులే. ఆ "అమానుష పద్ధతి" అన్న మాటకి మాత్రం నువ్వే నాకు క్షమాపణ చెప్పుకోవాలి.

మన కాలనీ అందరికీ నమస్కారాలు చెప్పు. పేరు పేరునా చెప్పు.

సునీత


ఖిదిర్‌పూర్
14 మే 2023

సునీతమ్మకు,

నీ స్నేహితురాలు కౌముది సెలవులకి వస్తూ సీసా క్షేమంగా తెచ్చింది. చీరల మధ్య చుట్టి తెచ్చిందట. మంచి పిల్ల, టీ తాగి వెళ్ళింది. సీసా మీద ఒదీల్ పేరు పక్కన నీ పేరు చూశాను. వేలితో తడిమి చూశాను, చెరిగిపోతుందేమోనని.

ఒదీల్ గారి జవాబు యూనియన్ ఆఫీసు గోడకి అద్దం కట్టించి తగిలించామని ముందే రాశాను. దాని కింద నిలబడి అందరం సీసా తెరవాలని అనుకున్నాం. మీ అత్తయ్య ఒప్పుకోలేదు. "తొలి పంట. అమ్మోరికి సాక ఎయ్యకుండా ఎవులు ముట్టుకుంటారో సూస్తాను" అంది. మన ఊళ్ళో అయితే కల్లుతో సాక పోసేవారు కదా. ఆవిడే సీసా కొంగులో పట్టుకుని ముందు నడిచింది. తాగుబోతుల నీడ పడితే పక్కకి తప్పుకునే మనిషి, వైన్ సీసా పట్టుకుని క్వార్టర్స్ మధ్యలోంచి నడుస్తుంటే బెంగాలీ వాళ్ళూ బిహారీ వాళ్ళూ కూడా కిటికీల్లోంచి చూశారు.

ముత్యాలమ్మ గద్దె ముందు నేల మీద పొయ్యడం మొదలుపెట్టింది. పోస్తోంది, పోస్తోంది, ఆపడం లేదు. కళ్ళు మూసుకుని ఏదో మొక్కుకుంటోంది. సగానికి వచ్చేలా ఉంది. వెనక నుంచి మృత్యుంజయ దా "బౌదీ, ఓ వదినా, తేభాగా! తేభాగా!" అని అరిచాడు. ఆవిడ కళ్ళు తెరిచి చూసి సీసా నిలబెట్టింది. అమ్మవారికి ఒక వంతు దక్కింది. నేల ఒక్క క్షణంలో పీల్చేసింది.

మిగిలింది టీ కొట్టు చిన్న మట్టి భాండాల్లో తలా ఒక గుటక పోశాం. రమాకుమారి టీచరు వాసన చూసి ఇచ్చేసింది. మృత్యుంజయ దా కళ్ళజోడు తుడుచుకుని "భాలో", బాగుంది అన్నాడు. నిజం చెబుతాను. మొదట పుల్లగా అనిపించింది. ఇంతేనా అనుకున్నాను. తరువాత గులాబీ వాసన ముక్కులోకి వచ్చింది, ఆ తరువాత నువ్వు రాసిన జిల. నాలిక మీద రాయి. నీ కొండ నా నోట్లో ఉన్నట్టే అనిపించింది. మీ అత్తయ్యకి ఇవ్వబోతే వద్దంది. కాని నా భాండం ఖాళీ అయ్యాక తీసుకుని వాసన చూసింది, నేను చూడడం లేదనుకుంది.

అప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. బస్తాలు మోసి మోసి భుజం కాయ కాసిన మనిషి. ఆయన నోట "మన పంట" అన్న మాట నేను ఎన్నడూ వినలేదు. కామందు పంట అనేవాడు, ఊరు వదిలి ఇక్కడికి వచ్చేశాక కూడా అలాగే అనేవాడు. నాకు దుఃఖం వచ్చింది, సంతోషం కూడా వచ్చింది, రెండూ కలిసి వచ్చాయి. ఆపుకోలేదు.

బైరాగి నీ కోసం వేలిముద్ర వేసినవాడు, అక్షరం ముక్క రానివాడు. అందరూ వెళ్ళిపోయాక ఖాళీ సీసా చేతిలో తిప్పి తిప్పి చూసి నన్ను అడిగాడు. "గోయిందా, ఈ ఏడు మన కొండ మీద వాన పడ్డాదేటి?"

నాకు తెలియదని చెప్పాను. బేగి రాయి.

మావయ్య